ఆరోగ్యరక్షణ ధార్మిక విధి ఎలా అయింది? యూదు సంప్రదాయంలో ఆహారం, వ్యాయామం: మైమోనిడీస్ 'మిష్నే తోరా' కేంద్రంగా పరిశీలన

వ్యాస సంగ్రహం

మితాహారం, నిత్యవ్యాయామం వైద్యశాస్త్ర విషయాలు. అవి ధర్మశాస్త్ర విషయాలు కూడా అయినప్పుడు వాటి స్వభావం ఎలా మారుతుందన్నది ఈ వ్యాసం పరిశీలించే సమస్య. పన్నెండో శతాబ్దపు యూదు తత్త్వవేత్త, ధర్మశాస్త్రవేత్త, వైద్యుడు మోసెస్ మైమోనిడీస్ (1138–1204) తన ధర్మశాస్త్ర సంహిత 'మిష్నే తోరా'లో ఆరోగ్య నియమాలకు ఒక పూర్తి అధ్యాయం కేటాయించాడు. ఆ అధ్యాయానికి ముందున్న తాల్ముద్ నేపథ్యం, అందులోని ఆహార వ్యాయామ నియమాలు, వాటికి ఆయన విధించిన షరతు, తరువాతి సంహితల్లో ఆ అధ్యాయం పొందిన స్థానం, ఆధునిక యుగంలో వ్యాయామంపై రేగిన వివాదం ఇందులో చర్చకు వస్తాయి. అపాయాన్ని తప్పించుకోవడం, ఆరోగ్యాన్ని పెంపొందించుకోవడం అనే రెండు బాధ్యతలకు ఈ సంప్రదాయంలో వేర్వేరు ఆధారాలున్నాయనీ, ఆ భేదమే తరువాతి చరిత్రను నడిపించిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మైమోనిడీస్, మిష్నే తోరా, తాల్ముద్, మితాహారం, వ్యాయామం, కోషెర్, దేహరక్షణ, యూదు ధర్మశాస్త్రం.

1. ఉపోద్ఘాతం

యూదుల ఆహారం అనగానే తెలుగు పాఠకుడికి గుర్తుకు వచ్చేవి లేవీయకాండము 11వ అధ్యాయంలోని నిషేధాలు. డెక్కలు చీలి నెమరువేసే జంతువులు తినదగినవి, పంది తినరానిది, పొలుసులూ రెక్కలూ లేని జలచరాలు నిషిద్ధం అన్న విభజన బైబిలు తెలుగు అనువాదాల ద్వారా చాలాకాలంగా పరిచితమే. ఏది తినాలి, ఏది తినకూడదు అన్న ప్రశ్నకు ఆ నియమాలు సమాధానమిస్తాయి. ఎంత తినాలి, ఎప్పుడు తినాలి, తినడానికి ముందు దేహం ఏ స్థితిలో ఉండాలి అన్న ప్రశ్నల గురించి అవి ఏమీ చెప్పవు. ఈ రెండో రకం ప్రశ్నలకు యూదు సంప్రదాయంలో వేరే చరిత్ర ఉంది. సాధారణ పరిచయ గ్రంథాల్లో అది కోషెర్ నియమాల చాటున మరుగున పడిపోతుంది.

ఈ రెండో చరిత్రలో కీలకమైన ఘట్టం 'మిష్నే తోరా' రచన. మైమోనిడీస్ వైద్యగ్రంథాలు వేరుగా చాలా రాశాడు. అయినా ఆరోగ్య నియమాలను వైద్యగ్రంథాలకే పరిమితం చేయక ధర్మశాస్త్రంలోకి తెచ్చాడు. వైద్యుడి సలహాను పాటించకపోతే రోగం వస్తుంది. శాస్త్రవిధిని పాటించకపోతే దోషం వస్తుంది. అతిగా తినడం, వ్యాయామం చేయకపోవడం ఈ రెంటిలో దేని కిందికి వస్తాయి? ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే ముందుగా తాల్ముద్ కాలానికి వెళ్లాలి.

2. దేహం పట్ల ప్రాచీన వైఖరులు

దేహసాధన పట్ల యూదు సమాజ స్మృతిలో తొలినాటి నుంచీ ఒక సంకోచం ఉంది. దానికి రాజకీయ కారణం కనిపిస్తుంది. క్రీ.పూ. 175 ప్రాంతంలో ప్రధానయాజకుడైన యాసోను నాల్గవ అంటియోకస్ రాజు అనుమతితో యెరూషలేములో గ్రీకు తరహా వ్యాయామశాలను స్థాపించాడు. యాజకులు బలిపీఠపు సేవను విడిచి క్రీడాస్థలానికి పరుగులు తీసేవారని మక్కబీయుల రెండో గ్రంథం ఆక్షేపిస్తుంది. ఈ కథనంలో వ్యాయామశాల ఆరోగ్యానికి కాక స్వధర్మ పరిత్యాగానికి చిహ్నం. ఆ తరువాత వచ్చిన మక్కబీయుల తిరుగుబాటు ఈ చిహ్నాన్ని మరింత స్థిరపరచింది.

ఇంకొక వైపు దేహాన్ని గౌరవించే ధోరణి కూడా బలంగానే ఉంది. 'లేవీయకాండ రబ్బా' అనే వ్యాఖ్యాన సంకలనం హిల్లేలు గురించి ఒక కథ చెబుతుంది. స్నానశాలకు వెళుతున్న హిల్లేలును శిష్యులు ఎక్కడికని అడిగితే, దైవవిధిని నిర్వర్తించడానికి వెళుతున్నానని బదులిచ్చాడట. రంగస్థలాల్లో నిలబెట్టిన రాజు విగ్రహాలను కడిగి శుభ్రపరచేవాడికి జీతం, గౌరవం లభిస్తున్నప్పుడు, దేవుని స్వరూపంలో సృష్టి అయిన మనిషి తన దేహాన్ని శుభ్రంగా ఉంచుకోవడం ఎంత ముఖ్యమో ఆలోచించమన్నది ఆయన తర్కం. రోమన్ నగర జీవితం నుంచి తీసుకున్న పోలికతోనే రోమన్ స్నానశాలకు ధార్మిక అర్థం కల్పించడం ఈ కథలోని విశేషం.

ఉపవాసం విషయంలోనూ రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. తాల్ముద్ 'తానిత్' ప్రకరణంలో ఉపవాసముండేవాడు పాపి అని షెమూయేలు అంటే, అతడు పరిశుద్ధుడని రబ్బీ ఎలాజరు అంటాడు. సంఖ్యాకాండము 6వ అధ్యాయం ప్రకారం నాజీరు వ్రతం పట్టినవాడు మైలపడితే ప్రాయశ్చిత్త బలి అర్పించాలి. ద్రాక్షారసం మానుకుని తనను తాను బాధపెట్టుకున్నందుకే అతడికి ప్రాయశ్చిత్తం అవసరమైందని ఒక వ్యాఖ్యానం. ద్రాక్షారసం ఒక్కటి మానినవాడే దోషి అయితే అన్నీ మానినవాడి మాటేమిటన్నది దాని కొనసాగింపు. మైమోనిడీస్ తరువాత ఈ పక్షాన్నే స్వీకరించాడు.

3. తాల్ముద్‌లో ఆరోగ్య ప్రసంగం

తాల్ముద్‌లో ఆరోగ్య విషయాలు ఒకచోట క్రమంగా ఉండవు. ధర్మచర్చల మధ్య చెదురుమదురుగా కనిపిస్తాయి. 'గిత్తీన్' ప్రకరణంలో కడుపును మూడు భాగాలు చేసి ఒక భాగం తిండికి, ఒక భాగం పానీయానికి కేటాయించి మూడో భాగాన్ని ఖాళీగా ఉంచాలన్న సలహా ఉంది. వాగ్భటుని 'అష్టాంగహృదయం'లో కడుపులో రెండు పాళ్లు అన్నానికి, ఒక పాలు ద్రవానికి, ఒక పాలు వాయువుకు అన్న విభజన తెలిసిన పాఠకులకు ఇది పరిచితంగా తోస్తుంది. అయితే ఈ సామ్యం ఒక్కదాని ఆధారంగా రెంటి మధ్య చారిత్రక సంబంధాన్ని ఊహించడం తగదు. 'షబ్బాత్' ప్రకరణంలో తిన్న తరువాత కనీసం నాలుగు మూరలైనా నడవాలన్న మాట ఉంది. 'కిద్దుషీన్' ప్రకరణంలో తండ్రి కొడుకుకు నేర్పవలసిన వాటిలో ఈతను కూడా చేర్చాలన్న అభిప్రాయం ఉంది. ప్రాణం దాని మీద ఆధారపడవచ్చునన్నది అందుకు చెప్పిన కారణం.

ఈ ప్రసంగాల స్థాయి ఏమిటన్న ప్రశ్న తాల్ముద్‌లోనే తలెత్తింది. 'షబ్బాత్' ప్రకరణంలోని ఒక సంభాషణ దీనికి మంచి ఉదాహరణ. పాఠాల్లో పదును ఉన్న రావ్ హిస్దా దగ్గరకు ఎందుకు వెళ్లడం లేదని రావ్ హూనా తన కొడుకును అడుగుతాడు. ఆయన చెప్పేవి లౌకిక విషయాలని కొడుకు జవాబు. మలవిసర్జన సమయంలో తొందరపడరాదు, అతిగా ముక్కరాదు వంటి సంగతులు ఆయన బోధించాడని ఫిర్యాదు చేస్తాడు. దానికి తండ్రి కోపగిస్తాడు. ఆయన జీవుల ప్రాణానికి సంబంధించిన సంగతులు చెబుతుంటే వాటిని లౌకికమంటావా, అందుకోసమైనా తప్పక వెళ్లాలని మందలిస్తాడు. లౌకికం, ధార్మికం అనే గీత ఎక్కడ గీయాలన్నదే ఈ తండ్రీకొడుకుల మధ్య వాదం. ఆ గీతను తండ్రి ఎక్కడ గీశాడో ఆ దారిలోనే శతాబ్దాల తరువాత మైమోనిడీస్ నడిచాడు.

వైద్యుడి మాటకు ధర్మనిర్ణయంలో స్థానం కల్పించిన సందర్భం కూడా ఇక్కడ ప్రస్తావించదగింది. ప్రాయశ్చిత్త దినాన ఉపవాసం తోరా విధించిన నియమం. అయినా రోగికి ఆహారం అవసరమని నిపుణులు చెబితే వారి మాట మీద ఆహారం పెట్టాలని మిష్నా 'యోమా' భాగం ఆదేశిస్తుంది. ప్రాణరక్షణ ముందు విశ్రాంతి దిన నియమం సైతం నిలవదు. ఏది ప్రాణానికి అవసరమో చెప్పే అధికారం ఇక్కడ వైద్య నిపుణుడిది. ఆ మాటను పాటించమని ఆదేశించే అధికారం శాస్త్రానిది.

4. మైమోనిడీస్: వైద్యం, ధర్మం కలిసిన జీవితం

మైమోనిడీస్ దక్షిణ స్పెయిన్‌లోని కొర్దోబాలో జన్మించాడు. 1148లో అల్మొహాద్‌లు ఆ నగరాన్ని ఆక్రమించిన తరువాత ఆయన కుటుంబం వలస బాట పట్టింది. మొరాకోలోని ఫెజ్ నగరం, పాలస్తీనా మీదుగా చివరకు ఈజిప్టులోని ఫుస్తాత్‌లో స్థిరపడింది. కుటుంబ పోషణ భారాన్ని మోసిన తమ్ముడు దావీదు వ్యాపార నిమిత్తం భారతదేశం వైపు ప్రయాణిస్తూ హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. ఆ దుఃఖంతో తాను సుమారు ఏడాదిపాటు మంచం పట్టినట్లు మైమోనిడీస్ ఒక లేఖలో చెప్పుకున్నాడు. ఆ తరువాత వైద్యమే ఆయనకు జీవనాధారమైంది. కాలక్రమంలో సుల్తాను సలాదీన్ ఆస్థాన ప్రముఖులకు, తరువాత సలాదీన్ పెద్దకొడుకు అల్-అఫ్దల్‌కు వైద్యుడయ్యాడు.

మలబద్ధకం, అజీర్తి, మనోవ్యాకులతలతో బాధపడుతున్న అల్-అఫ్దల్ కోసం 1198 ప్రాంతంలో అరబ్బీలో ఒక ఆరోగ్య నియమావళిని రచించాడు. మనిషి తన పెంపుడు జంతువుకు మేత కొలిచి వేసినంత శ్రద్ధ తన తిండి విషయంలో చూపడన్న ఆక్షేపణ అందులో ఉంది. హిప్పొక్రటీస్, గాలెన్‌ల గ్రీకు వైద్యం అరబ్బీ అనువాదాల ద్వారా ఆయనకు అందింది. ముస్లిం పాలకుడి కోసం రాసిన వైద్యగ్రంథంలోనూ, యూదు సమాజం కోసం రాసిన ధర్మసంహితలోనూ ఆయన వాడుకున్న వైద్యజ్ఞానం ఒక్కటే. ఆ జ్ఞానానికి కల్పించిన స్థానంలోనే తేడా ఉంది.

5. సంహితలో ఆరోగ్యాధ్యాయం స్థానం

హీబ్రూలో 14 సంపుటాలుగా రూపొందిన 'మిష్నే తోరా' 1170ల చివరికి పూర్తయింది. దాని మొదటి సంపుటం 'జ్ఞాన గ్రంథం'. అందులో తోరా మూలసూత్రాల తరువాత, తోరా అధ్యయన నియమాలకు ముందు 'దేఓత్' అనే విభాగం ఉంది. స్వభావ లక్షణాలు, శీలం అన్నవి ఈ పదానికి దగ్గరి అర్థాలు. ఈ విభాగంలోని విధుల్లో మొదటిది దైవమార్గాలను అనుసరించడం. ఏడు అధ్యాయాల ఈ విభాగంలో నాలుగోది పూర్తిగా ఆరోగ్య నియమాలకు చెందింది.

ఈ అమరిక యాదృచ్ఛికం కాదు. మొదటి అధ్యాయం గుణాల్లో మధ్యేమార్గాన్ని ప్రతిపాదిస్తుంది. లోభం, దుబారా రెండూ కాక ఔదార్యం, క్రోధం, జడత్వం రెండూ కాక శాంతం అన్న పద్ధతిలో అది సాగుతుంది. మూడో అధ్యాయం మాంసం, ద్రాక్షారసం, వివాహం, మంచి ఇల్లు అన్నిటినీ వదులుకునే అతివైరాగ్యాన్ని తప్పు మార్గంగా తేల్చి, తోరా నిషేధించినవి చాలవా అన్న తాల్ముద్ ప్రశ్నను గుర్తుచేస్తుంది. ఆ వెంటనే నాలుగో అధ్యాయం దేహ సంరక్షణను చేపడుతుంది. కాబట్టి మితాహారం ఇక్కడ చికిత్సలో భాగంగా కాక శీలంలో భాగంగా వచ్చింది.

అధ్యాయారంభంలోని తర్కం మరింత ముఖ్యమైంది. ప్రాణాన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలన్న ద్వితీయోపదేశకాండము 4వ అధ్యాయపు మాటలను ఆరోగ్యానికి ఆధారంగా ఉదాహరించడం నేడు పరిపాటి. మూలంలో ఆ మాటల సందర్భం విగ్రహారాధన నిషేధం, సీనాయి అనుభవ స్మరణ. వాటిని ప్రాణాపాయానికి అన్వయించినది తాల్ముద్. మైమోనిడీస్ కూడా అపాయకరమైన వాటిని తొలగించాలన్న విధికి, అంటే మేడపై పిట్టగోడ కట్టాలన్న ద్వితీయోపదేశకాండము 22:8 విధికి సంబంధించిన చర్చలో, వేరొక సంపుటంలో ఆ అధ్యాయపు మాటను వాడుకున్నాడు. ఆరోగ్యాధ్యాయాన్ని మాత్రం ఆ వాక్యంతో మొదలుపెట్టలేదు. రోగంతో ఉన్నవాడు సృష్టికర్త గురించి ఏదీ తెలుసుకోలేడు, గ్రహించలేడు. అందువల్ల దేహాన్ని ఆరోగ్యంగా ఉంచుకోవడం దైవమార్గాల్లో ఒకటి అన్న హేతువుతో మొదలుపెట్టాడు.

ఈ భేదం గమనించదగింది. అపాయాన్ని తప్పించుకోవడం వాక్యాధారం గల విధి. ఆరోగ్యాన్ని పెంపొందించుకోవడం ప్రయోజనాధారం గల విధి. మొదటిదానికి హద్దు స్పష్టంగా ఉంటుంది. రెండోది మనిషి జీవన విధానమంతటికీ వ్యాపిస్తుంది.

6. ఆహార నియమాలు

ఆకలి వేస్తేనే తినాలి, దాహం వేస్తేనే తాగాలి, మలమూత్ర వేగాలను ఆపరాదు అన్నవి అధ్యాయంలోని తొలి నియమాలు. కడుపు నిండేదాకా తినరాదు. తృప్తికి సుమారు నాలుగోవంతు తక్కువగా ఆపాలి. భోజనం మధ్యలో నీరు కొద్దిగానే తాగాలి. తేలికగా అరిగేవి ముందు, బరువైనవి తరువాత తినాలి. గుడ్లు, కోడిమాంసం రెండూ ఉంటే గుడ్లు ముందు. కోడిమాంసం, పశుమాంసం రెండూ ఉంటే కోడిమాంసం ముందు. ద్రాక్ష, అంజూరం, మల్బరీ, పుచ్చకాయ వంటి పండ్లను భోజనానికి ముందే తీసుకోవాలి. వేసవిలో తినే పరిమాణం చలికాలంలో తినేదానిలో మూడింట రెండువంతులు ఉంటే చాలు. ఉప్పువేసి నిలవ ఉంచిన పెద్ద చేపలు, పాత చీజ్, నిలవ మాంసం, పుట్టగొడుగులు హానికరమైన వాటి జాబితాలో ఉన్నాయి.

అతిభోజనం దేహానికి విషంతో సమానమనీ, రోగాలన్నిటికీ మూలమనీ ఆయన నిర్ధారణ. చెడు పదార్థాలు తినడం వల్లనో, మంచివే అయినా అతిగా తినడం వల్లనో ఎక్కువ రోగాలు వస్తాయని ఆయన వివరిస్తాడు. ఈ నియమాలు పాటించినవాడు వృద్ధాప్యం వరకూ వైద్యుడి అవసరం లేకుండా జీవిస్తాడని తాను పూచీ పడుతున్నానని కూడా ప్రకటించాడు. పుట్టుకతోనే దేహంలో లోపం ఉన్నవారికి, మహమ్మారి, కరువు వంటి విపత్తులకు మినహాయింపు ఇచ్చాడు. ఇవి ఆరోగ్యవంతులకు చెప్పినవనీ, రోగికి వేరే పద్ధతి ఉంటుందనీ స్పష్టం చేశాడు. విద్వాంసుడు నివసించదగిన ఊరికి ఉండవలసిన పది వసతుల జాబితాతో అధ్యాయం ముగుస్తుంది. న్యాయస్థానం, సమాజమందిరం, పిల్లల గురువులతో పాటు వైద్యుడు, స్నానశాల, మరుగుదొడ్డి, నీటి వసతి ఆ జాబితాలో సమాన స్థానం పొందాయి.

7. వ్యాయామ నియమాలు

ఆహారం కన్నా వ్యాయామానికే ఆయన ఎక్కువ బలం ఆపాదించాడు. ప్రతి ఉదయం దేహం వేడెక్కేదాకా నడకతోనో, పనితోనో, మరొక శ్రమతోనో కష్టపడాలి. తరువాత దేహం కుదుటపడేదాకా కొంచెం విశ్రమించి తినాలి. శ్రమ తరువాత వేడినీటి స్నానం మేలు. తిన్న తరువాత మాత్రం అరిగేవరకూ నడక, స్వారీ, శ్రమ పనికిరావు. తాల్ముద్ చెప్పిన నాలుగు మూరల నడకతో ఇది పైకి పొసగదు. అంత స్వల్పమైన నడక శ్రమ కిందికి రాదని సమన్వయించడానికి వీలున్నా, ఇక్కడ ఆయన నియమ స్వరూపం గ్రీకు-అరబ్బీ వైద్యానిదే.

ఈ అధ్యాయంలో రెండు ఎదురెదురు నియమాలు పక్కపక్కన నిలుస్తాయి. బాగా శ్రమిస్తూ, కడుపు నిండా తినకుండా, విరేచనం సాఫీగా ఉన్నవాడు చెడు పదార్థాలు తిన్నా రోగం దరిచేరదు, బలం పెరుగుతుంది. శ్రమ లేకుండా కూర్చునేవాడు మంచి పదార్థాలు తిన్నా, వైద్య నియమాలు పాటించినా బాధలు తప్పవు, బలం క్షీణిస్తుంది. తిండి మంచిదైనంత మాత్రాన కదలిక లేని లోటు తీరదన్నది దీని సారాంశం.

1190 ప్రాంతంలో పూర్తయిన 'సందిగ్ధుల మార్గదర్శి' మూడో భాగంలో ఆయన మరో అడుగు ముందుకు వేశాడు. బంతి ఆట, కుస్తీ, శ్వాస బిగబట్టడం వంటివి అజ్ఞానుల కంటికి వృథా చేష్టలుగా కనిపిస్తాయి. ఆరోగ్య ప్రయోజనం తెలిసిన జ్ఞానుల దృష్టిలో అవి వృథా కావు. యెరూషలేము వ్యాయామశాలను ధర్మద్రోహంగా స్మరించే సంప్రదాయంలో కుస్తీకి, బంతి ఆటకు ఈ విధమైన సమర్థన లభించడం గణనీయమైన మార్పు.

అయితే వ్యాయామానికీ ధర్మశాస్త్రంలో హద్దులున్నాయి. విశ్రాంతి దినాన దేహానికి నూనె రాసుకోవచ్చు, మర్దన చేసుకోవచ్చు కాని వ్యాయామం చేయరాదని మిష్నా నియమం. చెమట పట్టేలా దేహాన్ని శ్రమపెట్టడం చికిత్సతో సమానమని మైమోనిడీస్ వివరణ. ఆ తరువాతి సంహిత 'షుల్హాన్ అరూఖ్' మాత్రం పరుగులోనూ, గెంతడంలోనూ ఆనందం పొందే యువకులకు అదే దినాన వాటిని అనుమతించింది. ఒకే కదలిక చికిత్సగా చేస్తే నిషిద్ధం, ఆనందం కోసం చేస్తే అనుమతం. క్రియను బట్టి కాక ఉద్దేశాన్ని బట్టి నిర్ణయం మారడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

8. ఆరోగ్యానికి విధించిన షరతు

ఉద్దేశానికి ఇచ్చిన ఈ ప్రాధాన్యమే మైమోనిడీస్ ఆలోచనకు కేంద్రం. వైద్య నియమాలన్నీ పాటించినా, దేహం బలంగా ఉండాలనీ, సంతానం కలిగి తనకోసం పనిచేయాలనీ మాత్రమే కోరుకునేవాడి మార్గం మంచిది కాదని 'దేఓత్' మూడో అధ్యాయం తేల్చి చెబుతుంది. ఆకలి, రోగం బాధిస్తుంటే జ్ఞానసాధన సాగదు. కాబట్టి ఆత్మ సక్రమంగా ఉండి దేవుని తెలుసుకోవడానికే దేహం ఆరోగ్యంగా ఉండాలి. ఈ దృష్టితో జీవించేవాడి నిద్ర సైతం దైవసేవే అవుతుంది.

ఈ షరతు రెండు వైపులా పనిచేస్తుంది. ఒక వైపు తిండి, నిద్ర, నడక వంటి అతి సామాన్య క్రియలను ఆరాధన స్థాయికి ఎత్తుతుంది. మరొక వైపు ఆరోగ్యమే పరమార్థమన్న భావనను తిరస్కరిస్తుంది.

ఆచరణలో ఈ ఆదర్శం ఎంత కష్టమో ఆయన జీవితమే చూపుతుంది. అనువాదకుడు శామ్యూల్ ఇబ్న్ తిబ్బోన్‌కు 1199లో రాసిన లేఖలో తన దినచర్యను వర్ణించాడు. రోజూ ఉదయమే ఫుస్తాత్ నుంచి కైరోలోని ఆస్థానానికి వెళ్లాలి. మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇంటికి చేరేసరికి వసారాలన్నీ రోగులతో నిండి ఉంటాయి. వారి అనుమతి అడిగి కొద్దిగా తింటాడు. ఇరవైనాలుగు గంటల్లో అదొక్కటే భోజనం. రాత్రి వరకూ, కొన్నిసార్లు అలసటతో పడుకునే, రోగులకు చికిత్స చెబుతాడు. ఇతరుల ఆరోగ్యం కోసం తన దేహాన్ని అరగదీసుకున్న వైద్యుడి చిత్రం ఇది.

9. ధర్మ్యాహారం, ఆరోగ్యాహారం

కోషెర్ నియమాలకు ఆరోగ్యమే కారణమా అన్న చర్చ ఇక్కడ అనివార్యం. నిషిద్ధ ఆహారాలు దేహానికి హానికరమని మైమోనిడీస్ 'మార్గదర్శి'లో వాదించాడు. పదిహేనో శతాబ్దంలో ఇసాక్ అబర్బనెల్ (1437–1508) దీన్ని తీవ్రంగా ఖండించాడు. కారణం ఆరోగ్యమే అయితే తోరా ఒక చిన్న వైద్యగ్రంథం స్థాయికి దిగిపోతుందనీ, పందిమాంసం తినే అన్యజాతులు బలంగానే ఉన్నారనీ ఆయన అభ్యంతరం. ఆయన దృష్టిలో ఆ నిషేధాల లక్ష్యం ఆత్మ పవిత్రత.

వేరొక కోణం నుంచి నహ్మనీడెస్ (1194–1270) లేవీయకాండము 19:2 వ్యాఖ్యలో ఇదే సమస్యను స్పృశించాడు. అనుమతించిన మాంసాన్నీ, అనుమతించిన ద్రాక్షారసాన్నీ విచ్చలవిడిగా సేవించేవాడు నియమమేదీ మీరకుండానే నీచుడు కాగలడు. పరిశుద్ధులై ఉండండన్న ఆజ్ఞ ఈ ఖాళీని పూరించడానికే వచ్చిందని ఆయన వివరణ. ఏమి తినాలన్న నియమం ఎంత తినాలన్న ప్రశ్నను పరిష్కరించదని ఆయన గ్రహించాడు. భిన్న హేతువులతో బయలుదేరినా మైమోనిడీస్, నహ్మనీడెస్ ఇద్దరూ మితం దగ్గర కలుసుకుంటారు.

10. తరువాతి సంహితల్లో ఆరోగ్యాధ్యాయం

సఫెద్‌లో జీవించిన జోసెఫ్ కారో (1488–1575) 'షుల్హాన్ అరూఖ్' 1565లో వెనిస్‌లో అచ్చయింది. ఇందులో అపాయ నివారణ నియమాలు ప్రత్యేకంగా ఉన్నాయి. గొట్టానికి నోరు పెట్టి నీరు తాగరాదు, రాత్రివేళ నదుల్లో నీరు తాగరాదు వంటివి 'మిష్నే తోరా' నుంచే వచ్చాయి. కాని 'దేఓత్' నాలుగో అధ్యాయం ప్రత్యేక ప్రకరణంగా రాలేదు. మైమోనిడీస్ దగ్గర కనిపించిన రెండు బాధ్యతల భేదం ఇక్కడ ఫలితం చూపింది. వాక్యాధారం గల అపాయ నివారణ సంహితలో నిలిచింది. ప్రయోజనాధారం గల ఆరోగ్య పోషణ పక్కకు తప్పుకుంది.

మూడు శతాబ్దాల తరువాత ఆ అధ్యాయం మళ్లీ ప్రజల్లోకి వచ్చింది. ఉంగ్వార్‌కు (నేటి ఉక్రెయిన్‌లోని ఉజ్‌హొరోద్) చెందిన రబ్బీ ష్లోమో గాంజ్‌ఫ్రీడ్ సామాన్య గృహస్థుల కోసం 1864లో ప్రచురించిన 'కిత్సూర్ షుల్హాన్ అరూఖ్' 32వ ప్రకరణం దేహరక్షణ నియమాలకు కేటాయింపు. అందులో ఎక్కువ భాగం మైమోనిడీస్ నుంచే వచ్చింది. అయితే దేహతత్త్వం, ప్రదేశం, కాలం బట్టి ఆహారం ఎంచుకోవాలనీ, అందుకు వైద్యులను సంప్రదించాలనీ అది సూచిస్తుంది.

ఈ సూచన వెనుక పాత సమస్య ఒకటి ఉంది. వైద్యం మారితే ధర్మం మారుతుందా? పదో శతాబ్దంలోనే పుంబెదిత విద్యాపీఠాధిపతి షెరీరా గావోన్ తాల్ముద్ పండితులు వైద్యులు కారనీ, వారి చికిత్సలు విధులు కావనీ, నిపుణుల పరీక్ష లేకుండా వాటిని వాడరాదనీ చెప్పాడు. మైమోనిడీస్ కుమారుడు అబ్రాహాము కూడా పండితుల ధర్మాధికారం వైద్య విషయాలకు వర్తించదన్నాడు. కాపాడుకోవాలన్న బాధ్యత స్థిరం, ఎలా కాపాడుకోవాలన్నది ఆ కాలపు వైద్యానిది అన్న విభజన ఇలా బలపడింది.

ఇరవయ్యో శతాబ్దపు పొగతాగే అలవాటు చర్చ ఈ విభజనకు పరీక్షగా నిలిచింది. 1964లో రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ పొగతాగడం మొదలుపెట్టకపోవడం మేలంటూనే, ఎక్కువమంది అలవాటుపడిన దాన్ని పూర్తిగా నిషేధించలేనన్నాడు. అమాయకులను దేవుడు కాపాడతాడన్న 116వ కీర్తన భావం ఆయనకు ఆధారం. హాని రుజువులు పెరిగిన కొద్దీ నిషేధించే నిర్ణయాలు వెలువడ్డాయి. 2006లో అమెరికా రబ్బీల మండలి నిషేధ నిర్ణయం ప్రకటించింది. సూత్రం మారలేదు. వైద్యులు చెప్పిన మాట మారింది.

11. ఆధునిక యుగంలో వ్యాయామ వివాదం

1898లో బాసెల్‌లో జరిగిన రెండో జియోనిస్టు మహాసభలో వైద్యుడు, రచయిత మాక్స్ నోర్డౌ 'కండబలం గల యూదుత్వం' అనే భావనను ప్రతిపాదించాడు. ఇరుకు వాడల్లో శతాబ్దాలుగా కుంగిపోయిన దేహాలను తిరిగి నిలబెట్టాలన్నది ఆయన పిలుపు. అదే ఏడాది బెర్లిన్‌లో 'బర్ కొఖ్బా' వ్యాయామ సంఘం ఏర్పడింది. 1932లో టెల్ అవీవ్‌లో మొదటి మక్కబియా క్రీడోత్సవం జరిగింది. గ్రీకు వ్యాయామశాలను తెచ్చిన పాలనపై తిరగబడిన మక్కబీయుల పేరు ఇప్పుడు క్రీడోత్సవానికి రావడం చరిత్రలోని వింత మలుపు. ఇక్కడ వ్యాయామ లక్ష్యం జాతి పునరుత్థానం. మైమోనిడీస్ విధించిన జ్ఞానసాధన షరతు ఇందులో లేదు.

రబ్బీ అబ్రాహాము ఇసాక్ కూక్ 1920లో వెలువడిన 'ఒరోత్' గ్రంథంలో ఈ రెంటినీ కలపడానికి ప్రయత్నించాడు. జాతికి బలమివ్వడం కోసం యువకులు చేసే వ్యాయామం, మహాపురుషుల ఆధ్యాత్మిక సాధనను పరిపూర్ణం చేస్తుందని రాశాడు. మతనిష్ఠ లేని యువకుల క్రీడను పవిత్ర సాధనతో పోల్చడం యెరూషలేములోని సంప్రదాయ నిష్ఠాపరులకు ఆగ్రహం తెప్పించింది. వ్యాయామం మంచిదా కాదా అన్నది వారి వివాదాంశం కాదు. చేసేవాడికి ధార్మిక ఉద్దేశం లేకపోయినా ఆ క్రియకు పవిత్రత ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న. ఉద్దేశమే క్రియకు విలువనిస్తుందన్న మైమోనిడీస్ మాటతో పోలిస్తే, తెలియకుండా చేసినా పవిత్రతకు తోడ్పడుతుందన్న కూక్ మాట ఎంత దూరం ప్రయాణించిందో అర్థమవుతుంది.

12. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• యూదు సంప్రదాయంలో ఆహార నిషేధాలు, ఆరోగ్య నియమాలు వేర్వేరు వ్యవస్థలు. మొదటివాటిని పాటించడం రెండోవాటిని పాటించడానికి ప్రత్యామ్నాయం కాదు.

• తాల్ముద్‌లో చెదిరి ఉన్న ఆరోగ్య ప్రసంగాన్ని, గ్రీకు-అరబ్బీ వైద్యాన్ని కలిపి ధర్మసంహితలో శీలవిధిగా నిలిపినవాడు మైమోనిడీస్. వ్యాయామానికి సంప్రదాయంలో ఉన్న అనుమానాన్ని తొలగించడంలో ఆయన పాత్ర ప్రధానం.

• అపాయ నివారణకు వాక్యం ఆధారం, ఆరోగ్య పోషణకు ప్రయోజనం ఆధారం. 'షుల్హాన్ అరూఖ్' మొదటిదాన్ని గ్రహించి రెండోదానికి ప్రత్యేక ప్రకరణం ఇవ్వకపోవడం, 'కిత్సూర్' దాన్ని పునరుద్ధరించడం ఈ భేదం వెలుగులోనే అర్థమవుతాయి.

• వైద్య వివరాలు కాలానుగుణంగా మారతాయని షెరీరా గావోన్ నాటి నుంచే అంగీకారం ఉండడం వల్ల, ఆ నియమావళిలోని పాతబడిన అంశాలు మూల బాధ్యతను దెబ్బతీయలేదు.

దేహం ఎవరి కోసం, దేని కోసం అన్న ప్రశ్నకు మైమోనిడీస్, నోర్డౌ, కూక్ మూడు వేర్వేరు సమాధానాలిచ్చారు. పళ్లెంలోని నాలుగోవంతును వదిలేయడం, ఉదయపు నడకకు బయలుదేరడం చిన్న క్రియలే. వాటి విలువను ఆ క్రియల్లో వెతకాలా, వాటి వెనుక ఉన్న ఉద్దేశంలో వెతకాలా అన్న చర్చ ఈ సంప్రదాయంలో ఎనిమిది శతాబ్దాలుగా కొనసాగుతూనే ఉంది.